గీత పడితే పూడ్చకండి

గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగే మనిషి జేబులో బీడీ, అగ్గిపెట్టె ఉండకూడదు. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలి. గ్యాస్ చూడనిదే బ్లాస్టింగ్ చేయకూడదు. ఇక్కడ చాలా ఇళ్లలో ఈ సంగతులు పిల్లలకు కూడా తెలుసు. అదే ఇంటి కుర్రాడు పైన రోడ్డు మీద జేసీబీ నడుపుతుంటాడు, కేబుల్ కోసం గుంత తవ్వుతుంటాడు, మోరీలో పూడిక తీస్తుంటాడు. బాయిలో నాయినకు ముందుగా గ్యాస్ చూసిపెట్టే సర్దార్ ఉన్నాడు. పైన కొడుక్కు అలాంటివాడు లేడు. అందుకే ఈ నాలుగు మాటలు.

రామగుండంలో ఒకప్పటి ఎఫ్‌సీఐ బొగ్గుతో ఎరువు తయారుచేసేది. అది 1999లో మూతపడింది. దాని స్థానంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆర్‌ఎఫ్‌సీఎల్ సహజవాయువుతో నడుస్తోంది. ఆ వాయువు ఆంధ్ర వైపు నుంచి భూమిలో వేసిన ఉక్కు పైపులో, పెద్ద పీడనంతో, పొలాల కింద నుంచి వస్తుంది. దీనికి తోడు ఊళ్లలో కరెంటు కేబుళ్లు, ఇంటర్నెట్ తీగలు, మంచినీటి పైపులు, మోరీలు.

రోడ్డు కింద ఏదైనా పేలినప్పుడు మొదటి రోజు వార్తల్లో వచ్చేది ‘కారణం తెలియదు’ అనే. గ్యాస్ ఒక చోట పుట్టి, మోరీ వెంట పాకి, ఇంకో వీధిలో నిప్పు అందుకుంటుంది. అందుకే వెంటనే అంతుపట్టదు. కొన్నిసార్లు కారణానికీ పేలుడుకూ మధ్య వారాలు గడుస్తాయి. 2004 జులై 30న బెల్జియంలోని గిస్లెంగియెన్‌లో గ్యాస్ పైపు పేలి 24 మంది చనిపోయారు. లీకు ఉందని తెలిసి చూడటానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కూడా వాళ్లలో ఉన్నారు. అంతకు కొన్ని వారాల ముందే, కట్టడం పనుల్లో యంత్రం తగిలి ఆ పైపు మీద గీతలు పడ్డాయి. ఉక్కు గోడ అక్కడ పలచబడింది. లోపల పీడనం పెంచిన రోజున తట్టుకోలేకపోయింది.

గీత ఎలా పడుతుందో జేసీబీ సీట్లో కూర్చునేవాడికి నేను చెప్పనక్కర్లేదు. బకెట్ పన్ను దేనికో టంగుమని తగులుతుంది. దిగి చూస్తే పైపు మీది పూత లేచిపోయి లోపలి ఉక్కు మెరుస్తుంటుంది. గ్యాస్ రావడం లేదు, శబ్దం లేదు. మేస్త్రీ అటూ ఇటూ చూసి ‘ఏం గాలే, పూడ్చెయ్’ అంటాడు. ఆ మాట వినకండి. పూత పోయిన చోట తుప్పు మొదలవుతుంది, సొట్ట పడిన చోట పీడనం పనిచేస్తుంది. కొత్త గీతను పైపు కంపెనీ వాళ్లు వచ్చి బాగుచేయగలరు. పూడ్చిన గీత ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? ఫోన్‌తో ఫొటో తీయండి, ఏ చోటో, ఎన్ని గంటలకో రాసి సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టండి, దగ్గర్లో పైపు దారిని చూపే గుర్తు స్తంభం మీదున్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. రేపు మాట మీ మీదికి వస్తే ఆ మెసేజే మీకు సాక్ష్యం.

తవ్వకముందు ఒక ప్రశ్న అడగాలి: ‘కింద ఏమున్నదో కనుక్కున్నారా?’ 2023 మార్చిలో కేంద్రం ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అనే యాప్ తెచ్చింది. తవ్వేవాళ్లు చోటు చెబితే, అక్కడ కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు కబురు అందుతుంది. అది కాంట్రాక్టరు చేయాల్సిన పని. జవాబు చూపించమని అడగడం మీ పని. తవ్వుతున్నప్పుడు హెచ్చరిక పట్టీ కనిపించినా, ఇసుక పొర మీద వరుసగా పేర్చిన ఇటుకలు కనిపించినా యంత్రం ఆపేయండి. కరెంటు కేబుళ్ల మీద సాధారణంగా అలాగే పేరుస్తారు. అక్కడి నుంచి పార పని, అదీ మెల్లగా.

గ్యాస్ పైపు పగిలితే ఒక తీరు, కరెంటు కేబుల్ తగిలితే ఇంకో తీరు. చాలామంది కలగలిపేది ఇక్కడే. గ్యాస్ వస్తుంటే ఇంజన్ ఆపి, బకెట్ కదపకుండా దిగి, గాలి ఎటు నుంచి వీస్తోందో అటు వెళ్లిపోవాలి. ఫోన్ చేసేది దూరం వెళ్లాకే. మంట అంటుకున్నా ఆర్పబోకండి. మంట ఆరి గ్యాస్ ఆగకపోతే అది కమ్ముకుని మళ్లీ అంటుకుంటుంది, ఈసారి ఇంకా పెద్దగా. అదే బకెట్ కరెంటు కేబుల్‌కు తగిలితే సీట్లోంచి దిగొద్దు. ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి యంత్రం మీద ఉన్న క్షణంలోనే ప్రాణం పోతుంది. పక్కవాళ్లను దగ్గరికి రానివ్వకండి, 1912కు చెప్పి లైన్ తీయించండి.

పెద్ద పైపుల్లో వెళ్లే గ్యాస్‌కు వాసన ఉండకపోవచ్చు. ఈల లాంటి శబ్దం, నేల నుంచి లేచే దుమ్ము, నీటి గుంతలో బుడగలు, పైపు దారి మీద మాత్రమే ఎండిన గడ్డి: వీటిని చూడాలి. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపు నుంచి గ్యాస్ వెలువడి ఊరి మీద పరుచుకుంది, నిప్పు తగిలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్‌కు వేసిన పైపులో తడి గ్యాస్ పంపడంతో అది లోపలి నుంచి తుప్పు పట్టింది. మెక్సికోలోని గ్వాదలహారాలో 1992 ఏప్రిల్ 22న వీధుల కింది మురుగు కాలువలే పేలాయి, 200 మందికి పైగా పోయారు. పెట్రోలు పైపుకు ఆనేలా నీళ్ల పైపు వేశారు, ఆ రెండు లోహాల కలయికలో పుట్టిన తుప్పు పెట్రోలు పైపుకు చిల్లు పెట్టింది. మోరీల్లోంచి పెట్రోలు వాసన వస్తోందని జనం అంతకుముందే మొత్తుకున్నారు.

మోరీలు, మ్యాన్‌హోళ్ల పని చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మూత తీసి కాగితం వెలిగించి లోపలికి వేసి చూసే అలవాటు ఇంకా ఉంది. బాయిలో దీపంతో గ్యాస్ చూసేవారు కదా అంటారు. ఆ దీపానికి మంటను బయటికి పోనివ్వని సన్నటి ఇనుప జాలి ఉండేది, కాగితానికి లేదు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చి, కాసేపటికి తగ్గిందనిపిస్తే గాలి బాగుపడిందని అనుకోవద్దు, మీ ముక్కు పనిచేయడం మానేసింది. గ్యాస్ మీటరు లేకుండా, పైన మనిషి, తాడు లేకుండా దిగమంటే దిగకండి. రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

బోరు బండివాళ్లూ, పైపు దారిలో భూమి ఉన్న రైతులూ కూడా గుర్తుంచుకోండి: 1962 పైప్‌లైన్ల చట్టం ప్రకారం పైపు వేసిన ఆ భూమి పట్టీలో బావి, బోరు, ఇల్లు, చెట్టు కుదరవు. పంట వేసుకోవచ్చు.

గీత పడిందని నిజం చెప్పినందుకు కూలీ కోసే కాంట్రాక్టరు ఉంటాడు. ఉంటే అతని దగ్గర పని మానేయండి. రామగుండం నుంచి మంథని దాకా జేసీబీ నడపడం వచ్చినవాడికి పని దొరుకుతూనే ఉంది.