అనుకున్న నడక – నడిచిన నడక

మీ ఇంట్లో గుండె జబ్బు గాని, మధుమేహం గాని ఉన్నవారు ఉంటే, "రోజూ నడవాలి" అనే మాట డాక్టరుగారి నోట వినే ఉంటారు. మళ్ళీ ఓ.పి.కి వచ్చినప్పుడు "నడుస్తున్నారా?" అని అడిగితే "ఆ, నడుస్తున్నారండీ" అంటారు. వారానికి ఎన్ని రోజులు? ఎంతసేపు? అక్కడ జవాబు తడబడుతుంది. ఈ తడబాటు పోవడానికి దూరపు పరుగుల క్రీడాకారులు వాడే ఒక పద్ధతి మనకు బాగా పనికివస్తుంది.

క్రీడాకారులు ఏమి చేస్తారు?

మారథాన్ అంటే 42 కిలోమీటర్లకు పైగా పరుగు. దానికి తయారయ్యేవారు నెలల తరబడి సాధన చేస్తారు. ఏ రోజు ఎంత చేయాలో కోచ్ ముందుగానే కంప్యూటర్‌లో రాసిపెడతాడు. క్రీడాకారుడు చేసినది అతని చేతి గడియారం నుండి వచ్చి దాని పక్కనే చేరుతుంది. అమెరికాలో 1999లో మొదలైన ట్రైనింగ్‌పీక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇటువంటిదే. అది రెండు అంకెలనూ పోల్చి ఆ రోజుకు ఒక రంగు వేస్తుంది. అనుకున్నదానిలో 80 నుండి 120 శాతం చేస్తే ఆకుపచ్చ. 50 నుండి 79 శాతం, లేదా 121 నుండి 150 శాతం అయితే పసుపు. 50కి తగ్గినా, 150 దాటినా నారింజ. అసలు చేయకపోతే ఎరుపు.

ఒక సంగతి గమనించారా? మరీ తక్కువ చేసినవారికి ఏ రంగో, మరీ ఎక్కువ చేసినవారికీ అదే రంగు. మన ఇళ్ళలో మాత్రం ఎక్కువ నడిచినవారిని మెచ్చుకుంటాము.

మొత్తం సరిపోతే చాలదా?

ఒక ఉదాహరణ చూద్దాం. గుండెపోటు వచ్చి తేరుకున్న ఒక పెద్దాయనకు డాక్టరుగారు సోమవారం నుండి శనివారం వరకు రోజుకు 25 నిమిషాలు నడవమన్నారు. వారానికి 150 నిమిషాలు. ఆయన సోమవారం 25, మంగళవారం 25 నడిచారు. బుధవారం వాన. గురువారం 10 నిమిషాలకే వెనక్కి వచ్చారు. శుక్రవారం ఇంటికి చుట్టాలు వచ్చారు. శనివారం అప్పు తీర్చినట్టు ఒకేసారి 90 నిమిషాలు నడిచారు. కూడి చూడండి, సరిగ్గా 150. నూటికి నూరు! కాని రోజువారీగా రంగులు వేస్తే రెండు ఆకుపచ్చలు, రెండు ఎరుపులు, రెండు నారింజలు.

శనివారం 90 నిమిషాలలోనే ప్రమాదం ఉంది. కోలుకుంటున్న గుండెకు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి గాని, ఒక్కరోజున భారమంతా వేయకూడదు. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి ఇంత నడకతో రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అప్పుడే కాదు, కొన్ని గంటల తరువాత, రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. పాదాలకు స్పర్శ తగ్గిన మధుమేహ రోగికి చెప్పు ఒరుసుకొని బొబ్బ లేచినా తెలియదు. అందుచేత తప్పిపోయిన రోజును తప్పిపోయిందనే వదిలివేయండి. మరునాడు మామూలు 25 నిమిషాలే.

గురువారం ఎందుకు వెనక్కి వచ్చారు?

మేము అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న ఇది. కాలక్షేపపు కబుర్లలో పడి ఆగిపోతే భయం లేదు. ఆయాసం వచ్చి ఆగిపోతే అది వేరే సంగతి. క్రీడాకారులు నిమిషాలతో పాటు ఎంత కష్టమనిపించిందో కూడా 10కి ఇంత అని రాసి, రెండిటినీ గుణిస్తారు. 25 నిమిషాలు 3 పాటి కష్టంతో నడిస్తే 75. అదే 25 నిమిషాలు 6 పాటి కష్టంతో నడిస్తే 150. నిమిషాలు మారలేదు, శరీరం మోసిన బరువు రెట్టింపయింది. అదే దారి, అదే నడక, అయినా వారం వారం కష్టం అంకె పెరుగుతూ ఉంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి. పాదాల వాపు, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరగడం కూడా కనబడితే వచ్చే అపాయింట్‌మెంటు వరకు ఆగకండి.

గడియారంలో నాడి చూసి ధైర్యపడవద్దు. గుండె రోగులకు తరచుగా ఇచ్చే కొన్ని మాత్రలు నాడి వేగాన్ని తగ్గించే ఉంచుతాయి. నడుస్తూ మాట్లాడగలిగితే సరైన వేగమే. మాట మధ్యలో ఊపిరి అందకపోతే నెమ్మదించాలి.

ఇంట్లో ఎలా రాయాలి?

కంప్యూటరు అక్కరలేదు. పిల్లల పాత నోట్‌బుక్ చాలు. రోజుకు నాలుగు గడులు: అనుకున్న నిమిషాలు, నడిచిన నిమిషాలు, కష్టం 10కి ఎంత, తగ్గినా పెరిగినా కారణం. రోగి చెప్పినట్టే రాయండి. ఓ.పి.కి బయలుదేరే ముందు రాత్రి ఒకే పెన్నుతో నెలంతా నింపిన పుస్తకాలు మాకు అప్పుడప్పుడు వస్తుంటాయి. అన్ని రోజులూ 25 నిమిషాలే! ఆ పుస్తకం చూసి మందు మోతాదు గురించి ఆలోచించే డాక్టరుగారు ఏమి చేయగలరు? ఎరుపు రోజు కనబడితే దెబ్బలాడకండి. దెబ్బలాడితే మరుసటి వారం నుండి అబద్ధపు అంకెలే వస్తాయి.

నడకలో ఛాతీలో నొప్పి, బిగబట్టినట్టు ఉండడం, ఎడమ చేతికి గాని దవడకు గాని నొప్పి పాకడం, చల్లని చెమట, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆపి కూర్చోబెట్టండి. 108కి ఫోన్ చేయండి. పుస్తకం సంగతి తరువాత.

రెండు వారాలు వరుసగా సగం రోజులు కూడా ఆకుపచ్చ కాకపోతే, తప్పు రోగిది కాకపోవచ్చు, అనుకున్న అంకెదే కావచ్చు. డాక్టరుగారిని అడిగి ఆ అంకెను తగ్గించండి. పై పెద్దాయన విషయంలో వచ్చే సోమవారం గడిలో 25 కొట్టివేసి 15 అని రాస్తే సరిపోతుంది.