పదిహేడు రోజులు

ఒలింపిక్ క్రీడల్లో పురుషుల మారథాన్ 1896లోనే ఆరంభమైనా, ఆ 42 కిలోమీటర్ల పరుగులో స్త్రీలకు ప్రవేశం లభించింది 1984లో మాత్రమే. స్త్రీ శరీరం అంతటి శ్రమకు ఓర్వలేదన్నది చాలాకాలం చెప్పిన సాకు!

అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన జోన్ బెనాయిట్ ఆ పోటీకి సాధన చేస్తూండగా, ఆ ఏడాది మార్చిలో కుడి మోకాలు మొరాయించింది. సుదీర్ఘమైన పరుగు నడుమ ఆగిపోయి నడవవలసి వచ్చింది. మందుతో కలిగిన ఉపశమనం నిలువలేదు. ఏప్రిల్ 25న శస్త్రచికిత్స జరిగింది. అర్హత పోటీ మే 12న. మధ్యనున్నవి పదిహేడు రోజులే.

కాలు కదపరాని దినాల్లో ఆమె చేతులతో తిప్పే సైకిలు యంత్రంపై సాధన చేసి, గుండె, ఊపిరితిత్తుల పటుత్వాన్ని కాపాడుకొన్నది. అయితే నొప్పి తగ్గగానే తొందరపడింది. శస్త్రచికిత్స జరిగిన కాలిని కాపాడబోయి ఎడమకాలిపై భారం మోపగా, ఆ తొడ వెనుక కండరం దెబ్బతిన్నది. మొదటి గాయం కంటె, అది మానకముందే పడే ఆతురత ఎక్కువ కీడు చేస్తుందని పరుగు సాధకులందరికీ తెలుసు. తెలిసీ ఆగలేరు.

అర్హత పోటీలో ఆమె ప్రథమురాలైంది. ఆగస్టు 5న లాస్ ఏంజెలెస్‌లో మూడవ మైలు దాటగానే గుంపును విడిచి ఒంటరిగా ముందుకు సాగి, 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గమ్యం చేరింది. అంతకు ముందటి ఏడాది ప్రపంచ విజేతయైన నార్వే వనిత గ్రేటా వైట్జ్ మరో 86 సెకన్లకు గాని గీత దాటలేదు.