రేసు కారు, బ్రేకు, మన తొమ్మిదో తరగతి ఫిజిక్స్



కిందటి నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రిగారు నాతో, "మా వాడికి మార్కులు ఎలగున్నా బండి మాత్రం బాగా తోలతాడండి మేడమ్. హైవే ఎక్కితే నాకన్నా స్పీడు" అన్నారు. పక్కనే నిలబడ్డ అబ్బాయి ముఖం వెలిగిపోయింది. తొమ్మిదో తరగతి. మోచేతికి బ్యాండేజీ. ఆయన మురిపెం నాకు అర్థమైంది, మా నాన్నగారు కూడా మా తమ్ముడి గురించి అలాగే చెప్పుకునేవారు. ఆ పూట నేను నవ్వి ఊరుకున్నాను. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ అబ్బాయికి కారు రేసులంటే పిచ్చి. మొనాకో రేసు వీడియోలు అన్నీ చూసేశాడు. సముద్రం ఒడ్డున పడవలు, పెద్ద హోటళ్లు, వాటి మధ్య ఇరుకు వీధుల్లో దూసుకుపోయే కార్లు. అక్కడ 1929 నుంచి గ్రాండ్ ప్రి జరుగుతోంది. దేశం మొత్తం కలిపినా మన హుస్సేన్ సాగర్ కన్నా చిన్నదే అంటే క్లాసులో ఎవరూ నమ్మలేదు! "మేడమ్, మీరెప్పుడైనా రేసు చూశారా?" అని అడిగాడు. చూశానన్నాను. ఆ రోజు పాఠం మిగతా గంటంతా దానికే సరిపోయింది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా-ఈ రేసు జరిగింది. పూర్తిగా కరెంటుతో నడిచే కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ మన దేశానికి రావడం అదే మొదటిసారి. నేను బి.ఈడీ. పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది. అది రెండో శనివారం కావడం కలిసొచ్చింది. శుక్రవారం ఒక పూట సెలవు పెట్టి విజయనగరంలో రైలెక్కి, మర్నాడు సికింద్రాబాద్‌లో దిగాను. మా పిన్ని కొడుకు వెయ్యి రూపాయల టికెట్లు రెండు తీసి ఉంచాడు.

హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం చుట్టుపక్కల రోడ్లనే ట్రాక్‌గా మార్చారు. సుమారు 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. మామూలు రోజుల్లో సిటీ బస్సులు తిరిగే రోడ్డుకి రెండు వైపులా కాంక్రీటు గోడలు, వాటిపైన ఇనుప వల. సచిన్ టెండూల్కర్ వచ్చాడని జనం ఒకటే గోల. నాకైతే కనబడలేదు. వెయ్యి రూపాయల టికెట్‌కి కనబడేది ఒక మలుపు, దూరంగా ఒక పెద్ద స్క్రీన్, నెత్తిమీద ఎండ, అంతే. వాటర్ బాటిల్ కోసం లైన్లో నిలబడితే రేసు మొదలైపోతుందేమోనని భయం. అయినా ఆ ఒక్క మలుపు దగ్గర కూర్చోవడమే నా అదృష్టమని తర్వాత తెలిసింది.

పెట్రోలు రేసు కారులా ఈ కారు గర్జించదు. సన్నగా కూత వేస్తూ వస్తుంది. అందుకే టైర్ల కీచుమనే శబ్దం కూడా చెవికి అందుతుంది. ఆ కూత మలుపుకి చాలా ముందే తగ్గిపోవడం గమనించాను. "ఇంత మెల్లగా వస్తున్నారేంటి?" అని మా వాడిని అడిగాను. వాడు ఇంజనీరింగ్ చదివినవాడు, నవ్వాడు. "అక్కా, వాళ్లు ఇప్పుడు బ్యాటరీ నింపుకుంటున్నారు" అన్నాడు.

మీ పిల్లలతో కూర్చుని మాట్లాడాల్సింది ఇదే. కదిలే ప్రతి వస్తువుకీ గతిజ శక్తి ఉంటుంది. మన బండి బ్రేకు నొక్కితే ఆ శక్తి ఎక్కడికి పోతుంది? వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ దిగే లారీల వెనక వెళ్లినవాళ్లకి ఆ కాలిన వాసన గుర్తుండే ఉంటుంది. డీజిల్ పోసి సంపాదించిన వేగం అలా కాలిపోతుంది. ఫార్ములా-ఈ కారులో బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారుతుంది. చక్రాల వేగం కరెంటుగా మారి బ్యాటరీలోకి తిరిగి వెళుతుంది. ఆ ఏడాది వచ్చిన మూడో తరం కారును వెనక చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే డిజైన్ చేశారు. రేసులో ఖర్చయ్యే శక్తిలో కనీసం 40 శాతం ఇలా బ్రేకుల నుంచే రావాలన్నది లెక్క. ఈ మాట చెప్పగానే వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది: "మరి ఎనక బ్రేకు లేకపోతే బండి ఎలగాగుతాది మేడమ్?" మోటారు వెనక్కి లాగుతుంది, అలా ఆగుతుంది. సైకిల్ డైనమోని టైరుకి ఆనించినప్పుడు తొక్కడం బరువెక్కేది కదా, అదే సూత్రం. మీలో చాలామందికి ఆ డైనమో తెలుసు, పిల్లలకి తెలీదు. దయచేసి మీరే చెప్పండి.

రేసు మొదట్లో అందరికీ సమానంగా శక్తి ఇస్తారు. ఆ ఏడాది రేసు మధ్యలో చార్జింగ్ ఉండేది కాదు. ఎప్పుడూ యాక్సిలరేటర్ తొక్కిపట్టి ఉంచినవాడు చివరి ల్యాప్ చూడలేడు. అందుకే మలుపుకి ముందే కాలు తీసేసి కారుని దొర్లనిస్తారు, ఆ తర్వాత బ్రేకుతో కొంత వెనక్కి రాబట్టుకుంటారు.

ఆ రోజు అందరికన్నా ముందు నిలబడి బయలుదేరినవాడు జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఎవాన్స్. అతని జట్టులోనే ఉన్న శామ్ బర్డ్ ఒక హెయిర్‌పిన్ మలుపు దగ్గర వేగం అదుపు చేసుకోలేక సొంత జట్టు కారునే గుద్దాడు. ఇద్దరి రేసూ అక్కడితో ముగిసింది. గెలిచింది ఫ్రాన్స్‌కి చెందిన జాన్ ఎరిక్ వెర్న్. చివరి ల్యాపుల్లో అతని వెనకే నిక్ కాసిడీ అంటుకుని ఉన్నాడు. వెర్న్ బ్యాటరీలో మిగిలింది కాసిడీ కన్నా తక్కువ. ఉన్నదాన్నే పొదుపుగా వాడుతూ, దారి ఇవ్వకుండా, అర సెకను కూడా లేని తేడాతో గీత దాటాడు. సెబాస్టియన్ బుయెమీ మూడోవాడిగా వచ్చాడు గాని, అనుమతించినదానికన్నా ఎక్కువ పవర్ వాడాడని తర్వాత పెనాల్టీ వేశారు. మూడో స్థానం డా కోస్టాకి వెళ్లింది. మా తొమ్మిదో తరగతివాళ్లకి ఇదే అన్యాయంగా తోచింది. "స్పీడుగా వెళితే పెనాల్టీ ఏంటి మేడమ్, అది రేసు కదా?" నిజమే. రేసులో కూడా!

ఇప్పుడు మన రోడ్డుకి వద్దాం. వేగం రెండింతలైతే గతిజ శక్తి నాలుగింతలవుతుంది. బ్రేకు వేశాక బండి జారే దూరం కూడా నాలుగింతలే. ఫార్ములా ఇంగ్లీషు పేజీలో ఇచ్చాను, పిల్లలు చూసుకుంటారు. మీకు అంకెలు చాలు. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న బండి అనుకుందాం. ఎదురుగా ఏదో కనబడి చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పోతుంది. 30 కిలోమీటర్ల వేగంలో బండి మొత్తం 14 మీటర్లలో ఆగుతుంది. 60లో సుమారు 40 మీటర్లు కావాలి. అంటే రెండు క్రికెట్ పిచ్‌లు. 80లో 60 మీటర్లు దాటిపోతుంది. వెనక ఇద్దరు కూర్చున్నా, వానలో రోడ్డు తడిసినా ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ట్రాక్ మీద ఎదురొచ్చే లారీ లేదు, అడ్డొచ్చే గేదె లేదు. డ్రైవర్ తలమీద టైటానియం చట్రం ఉంటుంది. అంబులెన్సు ఇంజన్ ఆన్ చేసుకుని సిద్ధంగా ఉంటుంది. ఎచ్చెర్ల నుంచి రణస్థలం, పూసపాటిరేగ మీదుగా వెళ్లే మన హైవే మీద వీటిలో ఏది ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ దారిలోనే పొద్దున్న ఎనిమిదింటికి మన యూనిఫాం వేసుకున్న పిల్లలు ముగ్గురేసి ఒక బండి మీద రావడం నేను స్కూలు బస్సు కిటికీలోంచి చూస్తున్నాను. బ్యాగులు ట్యాంకు మీద. హెల్మెట్ ఎవరికీ లేదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 199ఎ అనే సెక్షన్ ఉంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే శిక్ష పడేది తల్లిదండ్రులకి లేదా బండి యజమానికి. మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. గేర్లున్న బండికి 18 నిండాలి. "మా ఊరు దాటి వెళ్లడు కదండి" అనేది ఈ సెక్షన్‌కి జవాబు కాదు.

ఆసక్తిని చంపమని నేననడం లేదు. నిజంగా రేసు డ్రైవరు కావాలంటే చిన్న వయసులో కార్టింగ్‌తో మొదలుపెట్టాలి. చెన్నై, కోయంబత్తూరుల్లో ట్రాకులున్నాయి. హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి జాతీయ రేసుల దాకా వెళ్లాడు. ఖర్చు మాత్రం మామూలుగా ఉండదు, మన ఫీజులు దాని ముందు ఏమీ కావు. ఇంకో దారి ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా కారు తయారుచేసి పోటీపడే ఫార్ములా భారత్ కోయంబత్తూరులో జరుగుతుంది. డ్రైవరు సీటు ఒక్కటే, దాని వెనక పనిచేసే చేతులు చాలా. హైదరాబాద్‌లో 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. మన పిల్లలు మళ్లీ ఎప్పుడు చూస్తారో గాని, ఆ ఒక్క రేసుతో నా క్లాసుకి మాత్రం మూడు పీరియడ్ల పాఠం వచ్చింది.

మొన్న ఆ పాఠం గ్రౌండ్‌లో చేశాం. వెనక గోడ దగ్గర మొదలుపెట్టి టేపుతో కొలిచి ముగ్గుతో గీతలు వేశాం: 14 మీటర్ల దగ్గర ఒకటి, 40 దగ్గర ఒకటి. బ్యాండేజీ అబ్బాయే టేపు పట్టుకుని నడిచాడు. 80 వేగం గీతకి గ్రౌండు చాల్లేదు. గేటు దాటి రోడ్డు మీదకి పోయింది. వాచ్‌మన్ గేటు తీయనన్నాడు. అబ్బాయి టేపు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి రోడ్డు వైపు చూశాడు. ఆ తర్వాత అటువైపు పిల్లలతో, "ఇంకా ఎనిమిది మీటర్లుందిరా" అన్నాడు.

ఆ గీతలు చెరపొద్దని ఆయమ్మకి చెప్పాను. వచ్చే శనివారం మీటింగ్‌కి వచ్చినప్పుడు మీ అబ్బాయినీ అమ్మాయినీ వెంటబెట్టుకుని ఒకసారి వెనక గోడ నుంచి గేటు దాకా నడవండి.