ఇంట్లో చీనీ ఐసు – నీళ్ళ విషయంలో జాగ్రత్త

ఎండాకాలంలో స్నేహితులను రాత్రి భోజనానికి పిలిస్తే, చివర్లో చల్లగా ఏదైనా పెట్టాలని ఎవరికైనా ఉంటుంది. పెద్ద హోటళ్ళలో పండ్లరసాన్ని గడ్డకట్టించి సోర్బే అనే పేరుతో ఇస్తారు. అందులో పాలు, మీగడ ఉండవు. గుమ్మఘట్టలో దానికి తగిన కాయ మన చీనీయే. కోస్తావారు దీన్నే బత్తాయి అంటారు. భైరవానితిప్ప జలాశయం మన మండలంలోనే ఉన్నా అది నిండిన ఏళ్ళు తక్కువ. బోర్లు ఎండితే ట్యాంకర్లతో నీళ్ళు తోలి చీనీ చెట్లను బతికించుకున్న రైతులు అనంతపురం జిల్లాలో ఎందరో ఉన్నారు. అలాంటి కాయతో చేసేది రుచిగానూ ఉండాలి, తిన్నవారికి జబ్బూ చేయకూడదు.

ఎనిమిది మందికి పది కాయలు తీసుకోండి. ముప్పావు లీటరు రసం వస్తుంది, కాయను బట్టి కొంచెం అటూఇటూ. 175 గ్రాముల చక్కెరను ఒక టీ గ్లాసు నీళ్ళలో వేసి మరిగించి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి పాకం పోస్తే రసంలోని సి విటమిన్ కొంత పోతుంది. రెండు నిమ్మకాయల రసం కూడా కలిపి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజరులో పెట్టండి. ముప్పావు గంటకొకసారి తీసి ఫోర్కుతో గీకి కలపాలి. ఇలా నాలుగుసార్లు చేస్తే మెత్తగా వస్తుంది. మేము మొదటిసారి చక్కెర బాగా తగ్గించి చేశాము. అది రాయిలా బిగుసుకుంది, అతిథుల ముందు చెంచా వంగింది! చక్కెర తీపి కోసమే కాదు, మంచు గట్టిపడకుండా కూడా పనిచేస్తుంది.

ఇంకొక మాట. చీనీ రసం నిలవ ఉంటే చేదెక్కుతుంది. గింజలు నలగకుండా, తెల్లని పొర పడకుండా పిండి, వెంటనే ఫ్రీజరులో పెట్టాలి.

ఇక నీళ్ళ సంగతి. గడ్డకడితే క్రిములు చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. టైఫాయిడ్ క్రిములు, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ మంచులో కూడా బతికి ఉంటాయి, కరగగానే కడుపులోకి చేరతాయి. అందుచేత పాకానికి వాడే నీళ్ళు కనీసం ఒక నిమిషం తెర్లాలి. ఫ్లోరైడు మాత్రం మరిగించినా పోదు, కాబట్టి ఫ్లోరైడు ఉన్న ఊళ్ళవారు ఫిల్టరు నీళ్ళే తెచ్చుకుని, వాటినీ మరిగించాలి. కాయలను కోయకముందే కడగండి, లేకపోతే తొక్క మీది మురికి కత్తితో రసంలోకి దిగుతుంది. సబ్బుతో చేతులు కడగడం మరువవద్దు. ఫ్రీజరు లేనివారు డబ్బా చుట్టూ ఐసు, రాళ్ళ ఉప్పు వేసి తిప్పుతూ గడ్డకట్టించవచ్చు. ఆ బజారు ఐసు బయట చల్లబరచడానికే, ఒక్క ముక్క కూడా రసంలో పడకూడదు. కరెంటు పోయి అంతా కరిగి వెచ్చబడితే మళ్ళీ గడ్డకట్టించి వడ్డించవద్దు.

షుగరు ఉన్న అతిథులకు ఇది తగదు. ఒక్కొక్కరి వంతుకు మనం కలిపిన చక్కెరే 22 గ్రాములు, రసంలోని తీపితో కలిపితే 30 గ్రాములకు పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా ఇలాంటి చక్కెర రోజుకు సుమారు 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే మరీ మంచిది. షుగరు ఉన్నవారికి అరకాయ తొనలు ఒలిచి పెట్టండి. పీచుతో తింటారు కాబట్టి షుగరు అంత త్వరగా పెరగదు. మూత్రపిండాల జబ్బుకు మందులు వాడుతున్నవారు చీనీ తినే ముందు తమ డాక్టరును అడగాలి.

విరేచనాలు అవుతున్న బిడ్డ చల్లగా కావాలని ఏడ్చినా ఈ ఐసు పెట్టవద్దు. ఎక్కువ తీపి విరేచనాలను పెంచుతుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద రాసిన కొలత ప్రకారం మరిగించి చల్లార్చిన నీళ్ళలో కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు. బిడ్డ కళ్ళు లోతుకు పోయినా, మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.