లండన్‌లో తొలి దినాలు

విదేశీ విద్య అనగానే పెద్ద పెద్ద విశ్వవిద్యాలయ భవనాలు, గ్రంథాలయాలు, పట్టాలు మనకు గుర్తుకు వస్తాయి. కాని పరాయి గడ్డపై అడుగుపెట్టిన విద్యార్థికి తొలి పాఠాలు తరగతి గది వెలుపలే ఎదురవుతాయి. ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఎవరితో ఎలా మాట్లాడాలి అన్నవే అతనికి మొదటి పరీక్షలు. కొత్త సమాజంలో దేనిని నేర్చుకోవాలో, తనదైన దేనిని విడువకూడదో తేల్చుకోవడం వాటిలో కెల్లా కష్టమైనది. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి ఇంగ్లాండు వెళ్ళిన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ జీవితంలో ఈ పరీక్ష ఎలా సాగిందో తెలుసుకోవడం నేటి విద్యార్థులకు ఎంతో ఉపయోగకరం.

అప్పటికి మోహన్‌దాస్ ఒక సామాన్య విద్యార్థి. మెట్రిక్యులేషన్ గట్టెక్కి, భావనగర్‌లోని సామల్‌దాస్ కళాశాలలో చేరాడు. పాఠాలు అర్థంకాక ఒక్క టర్ము ముగియగానే ఇంటిముఖం పట్టాడు. తండ్రి 1885లోనే మరణించాడు. ఇంగ్లాండులో మూడేళ్ళు చదివితే బారిస్టరు కావచ్చునని కుటుంబ హితైషి మావ్‌జీ దవే సలహా ఇచ్చాడు. అందుకు వేల రూపాయలు కావాలి. అవసరమైతే భార్య నగలు అమ్మడానికి కూడా మోహన్‌దాస్ సిద్ధపడ్డాడు.

తల్లి పుత్లీబాయి భయం వేరు. పరదేశం వెళ్ళిన యువకులు చెడిపోతారని, మద్యమాంసాలకు అలవాటు పడతారని ఆమె విన్నది. బేచర్‌జీ స్వామి అనే జైన సాధువు సమక్షంలో మద్యాన్ని, మాంసాన్ని, పరస్త్రీని తాకనని కుమారుడు ప్రమాణం చేసిన తరువాతనే ఆమె అనుమతించింది. బొంబాయిలో మరొక అవాంతరం ఎదురైంది. సముద్రం దాటడం మతవిరుద్ధమని కులపెద్దలు అతనిని వెలివేశారు. అతనికి సాయపడినవారు, వీడ్కోలు పలకడానికి రేవుకు వెళ్ళినవారు రూపాయి నాలుగు అణాల జరిమానా చెల్లించాలని శాసించారు. ప్రయాణపు డబ్బు దాచిన బావగారు కూడా వెలికి భయపడి ఇవ్వలేనన్నాడు. చివరకు ఒక మిత్రుని వద్ద అప్పు తీసుకొని, నెలల పసివాడైన కొడుకును, భార్యను రాజ్‌కోటలో విడిచి, 1888 సెప్టెంబరు 4న మోహన్‌దాస్ ‘క్లైడ్’ అనే ఓడ ఎక్కాడు.

ఏడెన్, సూయజ్ కాలువ, మాల్టా, జిబ్రాల్టర్ మీదుగా సాగిన ఆ ప్రయాణంలోనే అతని సంకోచం బయటపడింది. ఇంగ్లీషు ప్రయాణికులు మాట్లాడుతుంటే అర్థమయ్యేది కాదు. అర్థమైనా, మనసులో వాక్యం కూర్చుకుంటే తప్ప జవాబు చెప్పలేకపోయేవాడు. బల్ల మీద చెంచాలు, కత్తులు వాడటం తెలియదు. వడ్డించిన వాటిలో మాంసం లేనిదేదో అడగడానికి సిగ్గు. అందువల్ల ఇంటినుంచి తెచ్చుకున్న పండ్లు, మిఠాయిలతో తన గదిలోనే కడుపు నింపుకొనేవాడు. ఇంగ్లాండు చలిలో మాంసం తినకుండా ఎవరూ బతకలేరని ఒక తోటి ప్రయాణికుడు హితవు చెప్పాడు. మోహన్‌దాస్ అతనికి కృతజ్ఞతలు చెప్పాడే గాని మాట తప్పడానికి ఒప్పుకోలేదు.

సెప్టెంబరు చివర ఒక శనివారం నాడు ఓడ ఇంగ్లాండు చేరింది. ఒడ్డుకు దిగేటప్పుడు తెల్లని దుస్తులు బాగుంటాయని భావించి మోహన్‌దాస్ తెల్లని ఫ్లానెల్ సూట్ ధరించాడు. తీరా చూస్తే శరత్కాలపు చలిలో ఆ దుస్తులలో ఉన్నది తానొక్కడే! సామాను, తాళాలు ఓడ ఏజెంట్ల చేతిలో ఉండిపోయాయి. మరునాడు ఆదివారం కావడంతో సోమవారం దాకా అవి చేతికందవు. అంతవరకు ఆ తెల్ల దుస్తులే గతి.

లండన్‌లోని విక్టోరియా హోటలులో అతనికి మరొక వింత ఎదురైంది. ఒక చిన్న గదిలోకి తీసుకొని వెళితే, కూర్చోబెట్టడానికే కాబోలు అనుకున్నాడు. తలుపు తెరుచుకొనేసరికి పై అంతస్తులో ఉన్నాడు. అతను లిఫ్టును చూడటం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ప్రాణజీవన్ మెహతా అనే వైద్యుడు అతనిని చూడవచ్చాడు. మాటల మధ్య మోహన్‌దాస్ ఆయన సిల్కు టోపీని చేతిలోకి తీసుకొని నిమిరి దాని నూగును చెదరగొట్టాడు. మెహతా కొంత చిరాకుపడినా, ఆ దేశపు మర్యాదలను అప్పుడే బోధించాడు. ఇతరుల వస్తువులను ముట్టుకోరాదు. తొలి పరిచయంలోనే సొంత విషయాలు అడగరాదు. గట్టిగా మాట్లాడరాదు. మనదేశంలో వలె ప్రతివారినీ ‘సర్’ అని పిలువరాదు. మోహన్‌దాస్ ఈ ఉపదేశాన్ని శ్రద్ధగా విన్నాడు. మర్యాదలు నేర్చుకోవడానికి అతనికి అభ్యంతరం లేదు.

హోటలు ఖర్చు మూడు పౌన్లయింది. అంత సొమ్ము చెల్లించినా అతనికి కడుపు నిండలేదు. ఒక పదార్థం నచ్చక మరొకటి తెప్పించుకుంటే రెండింటికీ డబ్బు కట్టవలసి వచ్చింది. అద్దె గదికి మారిన తరువాత కూడా మనసు కుదుటపడలేదు. మనుషులు, భాష, ఇళ్ళు అన్నీ కొత్త. రాత్రివేళ తల్లి గుర్తుకు వచ్చి కన్నీళ్ళు ఆగేవి కావు. తన బాధ పంచుకోవడానికి ఎవరూ లేరు. ఇంగ్లాండులో ఉండలేడు, తిరిగి వెళ్ళలేడు. వచ్చినందుకు మూడేళ్ళు పూర్తిచేయవలసిందేనని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. ఆ దుఃఖపు దినాలలోనే అక్టోబరు 2న అతనికి 19 ఏళ్ళు నిండాయి.

మెహతా సలహాపై మోహన్‌దాస్ రిచ్‌మండ్‌లోని ఒక మిత్రుని వద్ద సుమారు నెలరోజులు ఉన్నాడు. ఆ మిత్రుడు అతనిని తమ్మునివలె ఆదరించి ఇంగ్లీషు మాట్లాడటం, ఇంగ్లీషువారి పద్ధతులు నేర్పాడు. భోజనం మాత్రం సమస్యగానే మిగిలింది. ఉదయం ఓట్ల జావతో కడుపు నిండినా, మధ్యాహ్నం, రాత్రి పాలకూర, రొట్టె, జామ్ తప్ప మరేమీ ఉండేవి కావు. రెండు మూడు రొట్టెముక్కలకు మించి అడగడం మర్యాద కాదని అతను ఆకలితోనే లేచేవాడు. ఇక్కడి పరిస్థితులు తెలియని, చదువురాని తల్లి ఎదుట చేసిన ప్రమాణానికి విలువ లేదని మిత్రుడు వాదించాడు. బెంథామ్ రాసిన ఉపయోగితా సిద్ధాంతాన్ని చదివి వినిపించాడు. ఆ వాదాన్ని ఖండించే శక్తి మోహన్‌దాస్‌కు లేదు. అయినా ప్రమాణం ప్రమాణమేనని, దానిని భంగపరచలేనని వినయంగా చెప్పాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. మోహన్‌దాస్‌కు అప్పటికి శాకాహారంపై నమ్మకం లేదు. మాంసం తింటేనే భారతీయులు బలవంతులై ఆంగ్లేయులను ఎదుర్కోగలరని భావించి, రాజ్‌కోటలో ఒక స్నేహితుని ప్రోద్బలంతో రహస్యంగా మాంసం తిన్నవాడే అతడు. తల్లిదండ్రులకు అబద్ధం చెప్పలేక మానివేశాడు. అందువల్ల లండన్‌లో అతడు నిలుపుకున్నది తన విశ్వాసాన్ని గాక, తల్లికిచ్చిన మాటను. నమ్మకం ఉన్న నియమాన్ని పాటించడం కంటె, నమ్మకం కుదరకపోయినా ఇచ్చిన మాటకు కట్టుబడటం కష్టతరం.

తరువాత అతడు వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట చేరాడు. ఆమె కుమార్తెలు ఆప్యాయతతో మరొక రొట్టెముక్క వడ్డించేవారు. మొత్తం రొట్టె తింటే గాని అతని ఆకలి తీరదని వారికి తెలియదు. లండన్‌లో శాకాహార భోజనశాలలు ఉన్నాయని విని, రోజుకు పది పన్నెండు మైళ్ళు నడుస్తూ వాటికోసం వెదికాడు. ఒకనాడు ఫారింగ్‌డన్ వీధిలో అటువంటి భోజనశాల కనిపించింది. ద్వారం వద్ద అద్దాల వెనుక అమ్మకానికి పెట్టిన పుస్తకాలలో హెన్రీ సాల్ట్ శాకాహారాన్ని సమర్థిస్తూ రాసిన గ్రంథం ఉంది. ఒక షిల్లింగు ఇచ్చి దానిని కొని, లోపలికి వెళ్ళి భోజనం చేశాడు. ఇంగ్లాండుకు వచ్చిన తరువాత తృప్తిగా కడుపు నిండటం అదే మొదలు.

ఆ పుస్తకం చదివాక మోహన్‌దాస్ బుద్ధిపూర్వకంగా శాకాహారి అయ్యాడు. తల్లికిచ్చిన మాట స్వీయనిర్ణయంగా మారింది. సంకోచశీలి అయిన ఆ యువకుడు లండన్ శాకాహార సంఘపు కార్యవర్గంలో సభ్యుడయ్యాడు, దాని పత్రికలో వ్యాసాలు రాశాడు. 1891 జూన్ 10న బారిస్టరై, రెండు రోజులకే స్వదేశానికి బయలుదేరాడు. మాట నిలబెట్టుకున్నానని తల్లికి చెప్పాలన్న కోరిక తీరలేదు. అతడు ఇంగ్లాండులో ఉండగానే ఆమె కన్నుమూసింది. ఆ వార్తను అన్నగారు బొంబాయిలో దిగేవరకు దాచి ఉంచాడు.

1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళిన గాంధీజీ నవంబరు 20న ఆ సంఘం సభలో ప్రసంగించినప్పుడు, వృద్ధుడైన హెన్రీ సాల్ట్ కూడా ఆ సభలో ఉన్నారు.

నేడు తెలుగునాట ఎందరో విద్యార్థులు ఐరోపా దేశాలకు చదువుకోసం వెళుతున్నారు. ఇంటివారిని తెరమీద చూస్తూ మాట్లాడే సౌకర్యం వారికి ఉంది. అయినా కొత్త ఊరి ఒంటరితనం, ఆకలి, బిడియం పూర్తిగా తొలగిపోలేదు. పరాయి దేశపు మర్యాదలను వినయంతో నేర్చుకోవాలి. ఇచ్చిన మాటను ఓర్పుతో నిలుపుకోవాలి. ఆ మాట వెనుక ఉన్న కారణాన్ని సొంత ఆలోచనతో వెదకాలి. మోహన్‌దాస్ తొలి దినాలు ఈ మూడింటినీ మనకు బోధిస్తాయి.

ప్రశ్నలు

1. ఇంగ్లాండు ప్రయాణానికి ముందు మోహన్‌దాస్ ఎదుర్కొన్న అవాంతరాలను వివరించండి.
2. మెహతా బోధించిన మర్యాదలేవి? వాటిని మోహన్‌దాస్ ఎలా స్వీకరించాడు?
3. తల్లికిచ్చిన మాట మోహన్‌దాస్‌కు స్వీయనిర్ణయంగా ఎలా మారింది?