రాతిరథం – మూడు చిత్రాలు

2017లో వెలువడిన 50 రూపాయల నోటును తిప్పి చూడండి. వెనుకవైపున హంపీ రాతిరథం కనిపిస్తుంది. నిజానికి అది కదిలే రథం కాదు. విఠలాలయ ప్రాంగణంలో రథాకారంలో మలచిన గరుడాలయం. కర్ణాటకలోని ఈ హంపీయే ఒకనాటి విజయనగరం. 1565 నాటి యుద్ధం తరువాత ఆ మహానగరం పాడుపడింది.

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే ఆంగ్ల సైనికాధికారి అక్కడి శిథిలాలను ఫోటోలు తీశాడు. మైనం పట్టించిన కాగితాలనే నెగెటివులుగా వాడాడు. ఆ ఫోటోలో రథంపై ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది. తరువాతి కాలంలో దానిని తొలగించారు. అందుకే నోటుపై బొమ్మలో శిఖరం లేదు.

1983లో ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు జాన్ గాలింగ్స్, గ్రీన్‌లా కెమెరా నిలిపిన తావులను వెదకి, అక్కడి నుండే మళ్ళీ ఫోటోలు తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది పోయిందో, ఏది మిగిలిందో తెలుస్తుంది.

నోటును రూపొందించినవారు తప్పు చేశారా? లేదు. నేటి రూపాన్నే చూపారు. కాని ఆ బొమ్మ ఒక్కటే చూసినవారు రథం మొదటినుండీ ఇలాగే ఉండేదనుకుంటారు. గ్రీన్‌లా ఫోటో సైతం 1856 నాటి శిథిలాన్నే చూపుతుంది. కృష్ణదేవరాయల నాటి వైభవాన్ని కాదు. చిత్రం చరిత్రకు సాక్షి. అయితే ఏ సాక్షి అయినా తాను చూసిన రోజును గురించే చెప్పగలదు.

ఆలోచించి రాయండి
1. నోటుపై రథానికీ, 1856 ఫోటోలోని రథానికీ తేడా ఏమిటి?
2. మీ ఊరిలోని ఒక పాత కట్టడం ఫోటో సంపాదించండి. నేటి రూపంతో పోల్చి ఐదు వాక్యాలు రాయండి.