తెరచుకొనని అమరికలు

కంప్యూటరు ముందు కూర్చుండిన వానికి మొదట కనబడునది తెర. దానిపై చిన్న చిన్న గుర్తులు, కాగితములు దాచుకొను అరలు ఉండును. పూర్వము వ్రాతబల్లపై సిరాబుడ్డి, కలము, దస్త్రములు అమర్చుకొన్నట్లే వీనిని తెరపై అమర్చుటచేత దానికి డెస్కుటాప్ అను పేరు కలిగినది. తెర యెంత వెలుగవలెను, అక్షర మెంత పెద్దదిగా నుండవలెను, మీటలు ఏ భాషలో వ్రాయవలెను, ధ్వని యెచ్చటినుండి వినబడవలెను అను సంగతులన్నియు నిర్ణయించు చోటు ఒకటి కలదు. దానిని ఇంగ్లీషున సెట్టింగ్సు అందురు. గ్నోమ్ అను తెరను తెనిగించినవారు దానికి 'అమరికలు' అని చక్కని పేరు పెట్టిరి. ఆ అమరికలు ఒకనాడు నాకు తెరచుకొనలేదు.

పదవీ విరమణ చేసిన నాటినుండి నేను మా ఊరి చేనేతవారి మాటలను ప్రోగుచేయుచున్నాను. ఒకప్పుడు మా ఊరిలో ఇంటింట గుంటమగ్గ ముండెడిది. పడుగు, పేక, నాడె, కండె, ఆసు, పన్నె అను మాటలు వినని బాలుడు లేడు. నేడు వినిన బాలు డరుదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1971లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము రెండవ సంపుటము చేనేత పదములకే కేటాయింపబడినది. దానిని చదివిన పిమ్మట మా ఊరి పలుకుబడిని గూడ వ్రాసి యుంచవలెనను కోరిక నాకు కలిగెను. పదునొకండుగురు వృద్ధులైన నేతగాండ్రచేత మాటలాడించి వారి కంఠములను కంప్యూటరులో భద్రపరచితిని. వారిలో ముగ్గురు ఇప్పుడు లేరు. ఆ కంఠములు నా యంత్రములో తప్ప మరియెచ్చటను లేవు. రెండవ ప్రతి తీయలేదు. పిల్లలకు నలుబదియేండ్లు జాగ్రత్తను బోధించినవాడు చేసిన పని అది.

1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా పురమందిరములో స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడినది. దాని జ్ఞాపకార్థము 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినోత్సవముగా జరుపుచున్నారు. మొన్నటి ఆగస్టు 7న మా ఊరి పాఠశాలలో ఆ వృద్ధుల పటములను ప్రొజెక్టరుపై చూపి, వారి మాటలను వినిపింపవలెనని నిశ్చయమైనది. 6వ తేదీ ఉదయము, తెరను ప్రొజెక్టరునకు అనువుగా దిద్దుటకై అమరికలను తెరవబోతిని. బోసితెరపై కుడిమీట నొక్కగా పట్టిక వచ్చెను. అందు 'ప్రదర్శన అమరికలు' అను మాటపై నొక్కితిని. ఏమియు జరుగలేదు. మరల నొక్కితిని. కిటికీ లేదు, శబ్దము లేదు, తప్పు జరిగినదని చెప్పు వాక్యమైనను లేదు. యంత్రము నాపి మరల పెట్టితిని. అదియే మౌనము.

యంత్రమును సంచిలో పెట్టుకొని బజారులోని ఒక మరమ్మతు దుకాణమునకు పోతిని. అచటి యువకుడు రెండు నిమిషములు చూచి, "వ్యవస్థ చెడినది మాస్టారూ. అంతయు తుడిచి మరల వేయవలెను" అనెను. "లోపలివి?" అంటిని. "లోపలివి పోవును. ప్రతి తీసియుంచలేదా?" అనెను. అతడు చెడ్డవాడు కాడు. అతని బల్లపై మరి యారు యంత్రములు ఎదురు చూచుచుండెను. ఒక్కొక్క దాని రోగము విచారించుటకంటె అన్నిటికి ఒకే మందు వేయుట అతనికి సుళువు. నేను యంత్రమును తీసికొని ఇంటికి వచ్చితిని. ఆ మధ్యాహ్నము అన్నము సయింపలేదు.

బడినుండి వచ్చిన మా మనుమరాలు నా ముఖము చూచి సంగతి అడిగెను. ఆమె ఎనిమిదవ తరగతి. సర్వము విని, "తాతయ్యా, తక్కినవన్నియు తెరచుకొనుచున్నవా?" అనెను. ఆ ప్రశ్న నాకు తోచనే లేదు. ఆమె దస్త్రముల అరను నొక్కినది, తెరచుకొనెను. ఒక ధ్వనిని నొక్కినది. చనిపోయిన పెద్దాయన పడుగు తోడుటను గూర్చి చెప్పుట స్పష్టముగా వినబడెను.

"ఇల్లు బాగుగనే యున్నది తాతయ్యా. ఒక్క తలుపే రాలేదు. ముందు వీని నన్నిటిని పెన్‌డ్రైవులోనికి ఎక్కింతము. తలుపు సంగతి తరువాత చూతము" అని ఆమె చెప్పెను. ప్రతి తీయుటకు ముప్పావు గంట పట్టెను. అది ముగియువరకు ఆమె మరియొక మీటను ముట్టలేదు.

తరువాత ఆమె కంట్రోలు, ఆల్టు మీటలతో టీ అక్షరమును కలిపి నొక్కగా నల్లని కిటికీ ఒకటి వచ్చెను. దానిని టెర్మినల్ అందురు. గుర్తుపై నొక్కి ఒక కార్యక్రమమును పిలిచినప్పుడు, అది రాలేకపోయిన కారణము మనకు కనబడకుండ పోవచ్చును. టెర్మినల్‌నుండి పేరు పెట్టి పిలిచిన, అది తన బాధను అచటనే అక్షరములలో చెప్పుకొనును. గ్నోమ్ తెరకు అమరికలు చూపు కార్యక్రమము అసలు పేరు గ్నోమ్-కంట్రోల్-సెంటర్. ఆ పేరును ఇంగ్లీషు చిన్న అక్షరములలో, నడుమ అడ్డగీతలతో వ్రాసి, ఎంటరు మీట నొక్కెను. అట్టి కార్యక్రమము దొరకలేదనియు, కావలసినచో ఈ విధముగా తెచ్చుకొనవచ్చుననియు జవాబు వచ్చెను.

"ఇది చెడలేదు తాతయ్యా, అసలు లేనే లేదు!" అని ఆమె నవ్వెను.

"లేకపోవుట యేమి? నాలుగు దినముల క్రిందట చూచితినే!"

"అయితే ఈ నాలుగు దినములలో మీరేమి చేసితిరి?"

"నేనేమియు చేయలేదు" అంటిని. ఉపాధ్యాయునిగా ఆ మాటను నేను కొన్నివేల మారులు వినియుందును. దానిని పలికినవారిలో ఏమియు చేయనివారు నాకు తటస్థింపలేదు.

నా యంత్రములో నున్నది ఉబుంటు అను వ్యవస్థ. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు ప్రారంభించిన లినక్సు దానికి పునాది. 1997లో మెక్సికో దేశీయులగు మిగుయెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా అనువారు మొదలిడిన గ్నోమ్ దానికి తెర. ఇట్టి వ్యవస్థలలో ఏ భాగము ఎప్పుడు చేరినది, ఎప్పుడు తొలగినది అను సంగతి దినచర్యవలె ఒక పత్రములో వ్రాయబడుచుండును. వార్ అను అరలో లాగ్ అను అర, దానిలో ఆప్ట్ అను అర, అందు హిస్టరీ అను పత్రము. మా మనుమరాలు దానిని తెరచి చివరి పంక్తులు చదివెను. ఆగస్టు 5వ తేదీ, సాయంకాలము 7 గంటల 40 నిమిషములు. తొలగింపబడినవి: బ్లూటూత్‌నకు సంబంధించిన ఒక భాగము, దాని ప్రక్కనే గ్నోమ్-కంట్రోల్-సెంటర్.

అప్పుడు జ్ఞాపకము వచ్చెను. ధ్వనులు పెరిగి యంత్రములో చోటు తరిగినందున, నాకు పనికిరాదని తోచిన దానినెల్ల తీసివేయుచుంటిని. బ్లూటూత్‌తో నాకేమి పని యని దానిని తొలగింపుమని ఆజ్ఞాపించితిని. దానితోకూడ ఇవి కూడ తొలగునని యంత్రము ఒక జాబితా చూపి, కొనసాగింపనా యని అడిగెను. చదువకయే సమ్మతించితిని. ఒక భాగము మరియొకదానిపై ఆధారపడి యుండుట మగ్గమును చూచినవానికి వింత కాదు. పన్నె ఊడదీసి, నేత యేల సాగదని అడుగుట యెట్టిదో నా ప్రశ్నయు అట్టిదే. వ్యవస్థ చెడలేదు. నా మాట విన్నది.

ఇక చేయవలసినది స్వల్పము. సెల్‌ఫోనును తీగతో యంత్రమునకు తగిలించి ఇంటర్నెట్టు రప్పించితిమి. టెర్మినల్ సూచించిన ఆజ్ఞనే వ్రాసి, రహస్యపదము నిచ్చితిమి. ఏమేమి చేర్చబడునో జాబితా వచ్చినప్పుడు మా మనుమరాలు, "ఈసారి పైకి చదువుడు తాతయ్యా" అనెను. చదివితిని. కొన్ని నిమిషములలో పని ముగిసెను. అమరికలు తెరచుకొనెను. నాకు ఆశ్చర్యము కలిగించినది వేరొకటి: నేను పెట్టుకొన్న తెలుగు మీటల అమరిక, వెనుకటి పటము, పెద్ద అక్షరములు ఏవియు మారలేదు. కార్యక్రమము వ్యవస్థకు చెందిన చోట నుండును. మనము దానిలో ఎన్నుకొన్నవి మన సొంత అరలో, డీకాన్ఫ్ అను మరుగు అరలో, ఒకే చిన్న పత్రముగా నుండును. ఒకటి పోయినను రెండవది నిలుచును.

ఇచట కథ నాపి, నాకు తరువాత తెలిసినవి కొన్ని చెప్పవలెను. ఏలనన మీకు వచ్చు చిక్కు నాకు వచ్చినదే కానక్కరలేదు.

అమరికల కిటికీ ఒక్క క్షణము మెరసి మాయమగుట కలదు. అప్పుడు కార్యక్రమము ఉన్నదన్నమాట. గ్నోమ్ అమరికలు, మీరు కడపట ఏ పుటను చూచితిరో జ్ఞాపకముంచుకొని, మరుసటిసారి ఆ పుటతోనే తెరచుకొనును. అది మర్యాదయే. కాని ఆ పుటలోనే దోషమున్నచో, ఉదాహరణకు వైఫై పుట తెరచునంతలో కార్యక్రమము కూలిపోవుచున్నచో, ప్రతిసారియు అది నేరుగా పోయి ఆ గోతిలోనే పడును. వేరొక పుటను ఎన్నుకొనుటకు మనకు వ్యవధి దొరకదు. యంత్రము నాపి పెట్టినను లాభము లేదు. జ్ఞాపకము చెరగదు గదా. దీనికి రెండు ఉపాయములు కలవు. టెర్మినల్‌లో కార్యక్రమపు పేరు తరువాత వేరొక పుట పేరును, డిస్‌ప్లే అనియో సౌండ్ అనియో, చేర్చి పిలిచిన, ఆ పుటతో తెరచుకొనవచ్చును. లేదా జీసెట్టింగ్స్ అను ఆజ్ఞతో 'లాస్ట్-ప్యానెల్' అను ఆ జ్ఞాపకమును తుడిచివేయవచ్చును. ఆ జ్ఞాపకము పాత కూర్పులలో కంట్రోల్ సెంటర్ పేరున, క్రొత్త కూర్పులలో సెట్టింగ్స్ పేరున ఉండును. వైఫై పుటలోని దోషము దీనితో పోదు; తక్కిన పుటలు మాత్రము మన చేతికి వచ్చును.

గ్నోమ్ కాని మరియొక తెరపై ఈ కార్యక్రమమును పిలిచినచో, గ్నోమ్, యూనిటీ తెరలపై మాత్రమే నడుతునని చెప్పి నిష్క్రమించుటయు కలదు. ఏ తెర నడుచుచున్నదో తెలుపు గుర్తు ఒకటి వ్యవస్థలో నుండును. అది తప్పుగా నున్నను ఇదే జవాబు వచ్చును. అట్టివాడు దానిని బాగుచేయుటకు ముందు తా నే తెరపై నున్నాడో చూచుకొనవలెను.

దోషము కార్యక్రమములోనిదా, మన యెన్నికలలోనిదా యను సందేహము కలిగినప్పుడు, అదే యంత్రములో క్రొత్త వాడుకరి నొకనిని చేర్చి ఆ పేరున ప్రవేశించి చూడుడు. అచట అమరికలు తెరచుకొన్నచో దోషము మన అరలోనిదే. అప్పుడు డీకాన్ఫ్ పత్రమును చెరపక, పేరు మాత్రము మార్చి, బయటికి పోయి మరల ప్రవేశించిన, అమరికలన్నియు మొదటి స్థితికి వచ్చును. వ్రాతలకు, పటములకు హాని లేదు. పేరు మార్చుమనుట యేలనన, ఊహ తప్పినచో పాత పేరు మరల పెట్టవచ్చును. చెరపినదానికి పేరు పెట్టలేము. విండోస్ వ్యవస్థలోనైనచో విండోస్ గుర్తుగల మీటతో ఐ అక్షరమును నొక్కిన సెట్టింగ్సు రావలెను. గుర్తుపై నొక్కినప్పుడు రాక, ఇట్లు వచ్చినచో, కార్యక్రమము క్షేమమే.

అన్నట్లు, ప్రొజెక్టరు కొరకు నాకు అమరికలు అక్కరయే లేదు. ఆ మీటతోనే పీ అక్షరమును నొక్కిన, తెరను రెండుచోట్ల చూపు విధములు గ్నోమ్‌లోను కనబడును. ఈ సంగతి మా మనుమరాలికి ముందే తెలియును. "మరి నిన్ననే యేల చెప్పలేదు?" అంటిని. "మీరు అమరికలు తెరచుకొనలేదని అడిగితిరి కాని, ప్రొజెక్టరు సంగతి అడుగలేదుగా" అనెను.

7వ తేదీన పాఠశాల వసారాలో పటములు చూపితిమి. పిల్లలకంటె ముందు ముసలివారు వచ్చి కూర్చుండిరి. పడుగు తోడుటను గూర్చి చెప్పిన పెద్దాయన కంఠము వినబడినప్పుడు, వెనుక స్తంభమునొద్ద కూర్చుండిన ఆయన భార్య లేచి ముందుకు వచ్చెను. ఆయన పోయి రెండేండ్లయినది. ఆమె పటమును చూడలేదు. ధ్వని వచ్చుచున్న పెట్టెవంక చూచుచు నిలుచుండెను. మాటలు ముగిసిన పిమ్మట, "మాస్టరుగారూ, ఇంకొక్కమారు పెట్టుడు" అనెను.

పెట్టితిని.